త్రోవ చెప్పు యంత్రములు



బాలురకు వ్యాకరణమును, దేశచరిత్రమును బోధించుచు జీవితము గడపినవాడు నెట్వర్కు యంత్రములను గూర్చి ప్రసంగింప బూనుట కొందఱికి వింతగా తోపవచ్చును. కాని చరిత్రయనగా రాజుల వంశక్రమము మాత్రమే కాదు గదా. వార్త యొకచోటినుండి మఱియొకచోటి కెట్లు చేరెను, నడుమ నెవరి మాట నమ్మి యెటు మరలెను అనునదియు చరిత్రయే. మన భీమవరమున నేడు బియ్యపు మిల్లులోను, రొయ్యల వ్యాపారి కొట్టులోను, కలెక్టరు కచేరిలోను, కళాశాలలోను గోడకు తగిలించిన యొక చిన్న యినుప బీరువాలో రెండు పెట్టెలు మినుకు మినుకుమనుచుండును. ఒకదానిని స్విచ్చి యందురు, రెండవదానిని రౌటరు అందురు. ఇవి తమలో తా మేమి మాటలాడుకొనును, ఆ మాట కుదరనపుడు ఏమగును, తప్పెక్కడ నున్నదో తెలిసినవారు ఎట్లు కనుగొనుచు వచ్చిరి అనునది నేటి ప్రసంగ విషయము.

స్విచ్చి పని తన వీథిని మాత్రమే యెఱిగిన తపాలా బంట్రోతు పని వంటిది. ప్రతి యంత్రమునకును పుట్టుకతోనే యొక గుర్తు సంఖ్య యుండును. ఏ గుర్తుగల యంత్రము తన యే రంధ్రమునకు తగిలింపబడినదో స్విచ్చి వినుచు వినుచు నేర్చుకొని, ఆ యింటి యుత్తరము ఆ యింటనే వేయును. వీథి దాటినచో దాని కేమియు తెలియదు. రౌటరు వీథులను గాక యూళ్లను ఎఱుగును. వచ్చిన యుత్తరముపై చిరునామా చూచి, ఇది తాడేపల్లిగూడెపు త్రోవను పోవలెను, ఇది నరసాపురపు త్రోవను పోవలెను అని నిర్ణయించును. ఈ యుత్తరములనే ఆ శాస్త్రమున పాకెట్లందురు. మన మొక ఛాయాచిత్రము పంపినను అది వందల తునుకలై, ఒక్కొక్క తునుకయు తన చిరునామాను తాను మోసికొని వేఱుగా ప్రయాణము చేయును. ఇప్పటి స్విచ్చులలో పెద్దవి రౌటరు పనియు కొంత చేయగలవు. అట్టి స్విచ్చి రౌటరుతో త్రోవలను గూర్చి సంభాషింపవలసి వచ్చును. చిక్కులు పుట్టునది అచ్చటనే.

త్రోవలు తెలియజేయుటకు రెండు పద్ధతులు కలవు. మనుష్యుడు కూర్చుండి, ఏ యూరికి ఏ త్రోవయో యంత్రములో స్వయముగా వ్రాసిపెట్టుట యొకటి. దీనిని స్థిరమార్గమందము. ఒకే త్రోవ యున్నచోట దీనికి మించినది లేదు. చిన్న దుకాణమునకు పెద్ద ప్రోటోకాలు పెట్టుట, చీమకు పల్లకి కట్టుట వంటిది. కాని త్రోవలు రెండు మూడున్నచోట, ఒకటి తెగినపుడు అర్ధరాత్రి లేచి దిద్దువా రెవరు? విజ్జేశ్వరము తలుపులనుండి మన డెల్టాకు వచ్చు నీరు, ఒక కాలువకు గండి పడినంతమాత్రమున తానై రెండవ కాలువకు మరలదు. లస్కరు పోయి తలుపు దింపవలెను. ఆ లస్కరుతో పనిలేకుండ, యంత్రములే ఒకదాని కొకటి వార్త చెప్పుకొని త్రోవలు దిద్దుకొనుట రెండవ పద్ధతి. దీనినే డైనమిక్ రౌటింగు అందురు.

వినుట కిది సులభముగ నున్నది. కాని తర్కశాస్త్రము చదివినవాని కిచ్చట నొక పెద్ద ప్రశ్న పుట్టును. రౌటరు చీఁకటిగదిలో కూర్చున్న మనుష్యుని వంటిది. దానికి ప్రత్యక్షముగ తెలిసినది తన పొరుగువాడొక్కడే. తక్కిన లోకమంతయు ఆ పొరుగువాని నోటివలన విన్నదే. నైయాయికులు ఆప్తుని వాక్యమును ప్రమాణముగ నంగీకరించిరి. మొదట చెప్పినవాడెవడో తెలియక నోటినోట వచ్చిన మాటను ఐతిహ్యమనిరి, దానిని ప్రత్యేక ప్రమాణముగ నంగీకరింపలేదు. ఈ మఱ్ఱిచెట్టుపై యక్షుడున్నాడు అను నుదాహరణము మా గురువులు చెప్పుచుండిరి. ఎవడు చూచెను? ఎవడును చూడలేదు, అందఱును విన్నారు. డైనమిక్ రౌటింగు చరిత్రలో మొదటి పది సంవత్సరములును ఈ మఱ్ఱిచెట్టు క్రిందనే గడచినవి.

అమెరికా రక్షణశాఖవారి ధనముతో ఏర్పడిన ఆర్పానెట్టు అను వలలో 1969వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన, లాస్ ఏంజెలిసు నగరపు విశ్వవిద్యాలయమునుండి స్టాన్ఫర్డు పరిశోధనాలయమునకు తొలి వార్త పంపబడెను. లాగిన్ అను మాట పంపబూనగా మొదటి రెండక్షరములు చేరునప్పటికే ఆవలి యంత్రము నిలిచిపోయెను. కొంతసేపటికి దానిని సరిచేసి మరల పంపిరి. ఈ వలలో నాలుగు దారుల కూడళ్ల యందుంచిన యంత్రములను బోల్ట్ బెరనెక్ అండ్ న్యూమన్ అను సంస్థవారు నిర్మించిరి. వానికి ఇంపు లని పేరు. నేటి రౌటర్లకవి తాతలు.

ఈ యింపులు వార్త చెప్పుకొను పద్ధతి యిది. ప్రతి యింపును తన పొరుగువానితో, నే నమ్ముక చోటికి ఇంత కాలములో చేర్పగలను అని తన పట్టిక యంతయు చదివి వినిపించును. పొరుగువాడు దానికి తమ నడుమనున్న దూరమును కలుపుకొని, తన పాత త్రోవకంటె ఇది దగ్గఱయైనచో ఇట్లే మరలును. సెకనులో మూడింట రెండు పాళ్లకొకసారి ఈ పఠనము జరుగుచుండెను. దీని వెనుకనున్న గణితమును 1956లో లెస్టరు ఫోర్డును, 1958లో రిచర్డు బెల్మనును ప్రకటించి యుండిరి. గణితమున దోషము లేదు. దోషము వినికిడియందు గలదు.

1970వ దశకపు తొలి యేండ్లలో హార్వర్డు విశ్వవిద్యాలయముననున్న యింపునకు జ్ఞాపకభాగమున జబ్బు చేసెను. దానివలన దాని పట్టిక యంతయు సున్నలుగా చదువబడెను. అనగా, ఏ యూరికైనను నాకు దూరము సున్న అని అది పొరుగువారికి చెప్పినట్లాయెను. వారు నమ్మిరి. వారి పొరుగువారును నమ్మిరి. వలలోని యుత్తరములన్నియు హార్వర్డునకు పరుగెత్తి పోయి అచ్చటనే మాయమైనవి. ఆ యంత్ర మబద్ధమాడవలెనని ఆడలేదు, రోగముచేత పలవరించినది. అయినను, అందఱికంటె దగ్గఱ త్రోవ నాది యన్నవానినే నమ్ముట ఆ పద్ధతియొక్క ధర్మము. కనుక పలవరింతకే ఎక్కువ విలువ కలిగెను.

రోగము లేనిచోట గూడ ఈ పద్ధతియం దొక గుంట యున్నది. మన యూళ్ల పేళ్లతో చెప్పెదను. భీమవరము, ఉండి, ఆకివీడు వరుసగా నున్నవి. వీనికి వేఱు త్రోవ లేదనుకొందము. ఉండికి ఆకివీడు ఒక ఆమడ. ఆ మాట విని భీమవరము, ఆకివీడు నాకు రెండామడలు అని వ్రాసికొనెను. ఒకనాడు ఉండికి ఆకివీటికి నడుమ త్రోవ తెగెను. ఉండి తన పట్టికలో ఆకివీటిని కొట్టివేయబోవుచుండగా భీమవరము యథాలాపముగ, ఆకివీడు నాకు రెండామడలు అనును. ఉండి సంతోషించి, అట్లయిన భీమవరముమీదుగా నాకు మూడామడలు అని వ్రాసికొనును. తన మాటయే తిరిగి తనకు వచ్చినదని ఎఱుగదు. ఉండి మూడన్నందున భీమవరము నాలుగనును. ఉండి అయిదనును. ఇట్లు లెక్క పెరుగుచునే యుండును. ఈలోపల ఆకివీడు పోవలసిన యుత్తరములు భీమవరమునకును ఉండికిని నడుమ బంతివలె తిరుగుచుండును. ఆ శాస్త్రజ్ఞులు దీనికి అనంతమువఱకు లెక్కించుట యని పేరు పెట్టిరి.

అనంతమువఱకు లెక్కించుటకు ఎవరికి తీరిక యున్నది? ఈ పద్ధతిని రిప్ అను పేర ప్రమాణపత్రముగ 1988 జూనులో చార్లెసు హెడ్రిక్ ప్రకటించెను. దానికి ముందే అది బర్క్లీ విశ్వవిద్యాలయపువారి యూనిక్సుతో పాటు పలుచోట్లకు వ్యాపించి యుండెను. అందు పదునాఱును అనంతముగా నిర్ణయించిరి. పదునేను మజిలీలకు మించిన యూరు లేనట్లే లెక్క. భాస్కరాచార్యులు సున్నచే భాగింపగా వచ్చు ఖహరమును అనంతముతో పోల్చెను. వీరు దానిని పదునాఱునకు దించిరి! నవ్వు వచ్చినను పని జరిగెను. ఎవనివలన విన్నావో వానికే ఆ మాట తిరిగి చెప్పకుము అను నియమమును గూడ చేర్చిరి. ఇద్దఱి నడుమ తగవు దీనిచే తీరును. మువ్వురు వలయముగ నున్నచో తీరదు. ముప్పది సెకనులకొక మాఱు పఠనము, నూట యెనుబది సెకనులు వినబడకున్న త్రోవ చచ్చినట్లు నిర్ణయము. నేటికిని చిన్న చిన్న చోట్ల ఇది కనబడుచున్నది.

ఆర్పానెట్టువారు అంతకుముందే, 1979లో, మూలమునే మార్చిరి. ఇకపై నెవరును దూరపు టూళ్లను గూర్చి చెప్పరాదు. తన కన్నులయెదుట నున్నదానిని మాత్రము, అనగా నా పొరుగువాడు ఫలానా, వానికిని నాకును నడుమ త్రోవ యిట్లున్నది అను సంగతిని మాత్రము, వలలోని వారందఱికి చాటింపవలెను. ఆ చాటింపులన్ని కూర్చుకొని ప్రతివాడును దేశపటము తానే గీసికొని, దగ్గఱ త్రోవ తానే లెక్క గట్టవలెను. ఆ లెక్క యెడ్స్‌గర్ డైక్‌స్ట్రా యను హాలండు దేశపు పండితునిది. ఆయన 1956లో ఆమ్‌స్టర్డామున నొక కాఫీ దుకాణము ముంగిట, కాగితము కలము లేకుండ, ఇరువది నిమిషములలో దానిని ఊహించితినని తరువాత చెప్పెను. 1959లో ప్రకటించెను. మా తార్కికుల భాషలో చెప్పవలెనన్న, ఐతిహ్యము పోయి, ప్రత్యక్షము చూచిన సాక్షి వాక్యమును దానిమీద ఎవరికివారు చేయు ననుమానమును వచ్చినవి. నా మట్టుకు ఈ చరిత్రలో ఇంతకంటె గొప్ప మలుపు లేదు.

అయినను సాక్షి నిన్న చెప్పినది, నేడు చెప్పినది రెండును చేతికి వచ్చినపుడు ఏది క్రొత్తది? ఇందుకై ప్రతి చాటింపునకును వరుస సంఖ్య వేసిరి. చోటు చాలదని 0 మొదలు 63 వఱకు నుంచి, మరల సున్నకు వచ్చునట్లు చక్రముగా నేర్పఱచిరి. శాసనములు చదువువారికి ఈ తంటా తెలియును. మన ప్రభవాది సంవత్సరము లఱువదియు నిట్లే తిరుగును గదా. శకసంవత్సరము లేక ప్రభవ యని మాత్రము వ్రాసిన శాసనమును, విక్రమ యని మాత్రము వ్రాసిన శాసనమును చేత బట్టుకొని ఏది ముందని చెప్పుటెట్లు? వారొక నియమము చేసిరి. చక్రమున ముందునకు సగము లోపల నున్నది క్రొత్తది, సగము దాటినది పాతది. చక్రములో సగము, అనగా 32. రెండు చాటింపులు మాత్రమే యున్నచో ఈ నియమము చక్కగా పని చేయును.

1980వ సంవత్సరము అక్టోబరు 27వ తేదీన మూడు చాటింపు లొక్కమాఱే వలలోనికి వచ్చినవి. మూడును 50వ సంఖ్యగల యింపు పేర నున్నవే. వాని వరుస సంఖ్యలు 8, 40, 44. నియమము ప్రకారము 44 అనునది 40 కంటె క్రొత్తది, నాలుగే ముందున్నది. 40 అనునది 8 కంటె క్రొత్తది, సరిగా ముప్పదిరెండు ముందున్నది. మఱి 8? చక్రము చుట్టి వచ్చిన యెడల 44కు ఇరువదియెనిమిది ముందున్నది, కావున అదియు 44 కంటె క్రొత్తదే! మూడును ఒకదానికంటె నొకటి క్రొత్తవి. ప్రతి యింపును 8ని త్రోసి 40ని, దానిని త్రోసి 44ను, దానిని త్రోసి మరల 8ని గ్రహించుచు, గ్రహించిన ప్రతిసారియు పొరుగువారి కందఱికి చాటింపుచు, వేఱు పని చేయుటకు తీరిక లేక తలక్రిందులాయెను. వల యంతయు కొన్ని గంటలు నిలిచిపోయెను.

ఈ మూడు సంఖ్యలెట్లు పుట్టినవి? యంత్రము లంకెలను ఒకటి, సున్న అను రెండు గుర్తులతో వ్రాసికొనును. ఆ లిపిలో 44 నుండి యొక గుర్తు జారినచో 40 అగును. 40 నుండి మఱియొకటి జారినచో 8 అగును. 29వ సంఖ్యగల యింపు జ్ఞాపకమున గుర్తులు జారుచుండెనని తరువాత తేలెను. తంత్రిమీద పోవునపుడు పాఠము చెడకుండ సరిచూచు నేర్పాటుండెను గాని, యంత్రము లోపల నిలిచియుండగా చెడిన పాఠమును సరిచూచువారు లేకపోయిరి. తాళపత్రములకు పుత్రికలు వ్రాయించిన వారెఱుగుదురు. ప్రయాణమున చెడిన ప్రతులకంటె పెట్టెలో పురుగు తిన్న ప్రతులే యెక్కువ.

దానిని పట్టుకొన్న విధము నేటికిని వైద్యునకు పాఠము వంటిది. నిర్వాహకులు యంత్రములను ఆర్పి వెలిగించుటతో తృప్తిపడలేదు. ఒక్కటి రెండిటిని ఆర్పి వెలిగించిన లాభమును లేదు, పొరుగువాడు మరల ఆ విషమునే పోయును. యంత్రముల కడుపులో వరుసగ నిలిచియున్న చాటింపులను చూచిరి. అన్నియు 50వ యింపు పేరనే యున్నవి. అన్నింటను ఆ మూడు సంఖ్యలే. 50వ దాని చాటింపులను లెక్కచేయకుడు అని ఒక్కొక్క యింపునకును ఆదేశము నెక్కించిరి. విషచక్రము తెగెను. ఎరిక్ రోజెన్ అను నాయన ఈ కథయంతయు 1981లో వ్రాసి ప్రకటించెను. అందులో వారి తప్పును వారే దాచక విప్పి చెప్పుట నాకు మిక్కిలి నచ్చినది. తరువాత రేడియా పెర్ల్‌మన్ అను విదుషీమణి, చక్రమును విడిచి గీతవలె ముందునకు పోవు సంఖ్యలను, వానితోపాటు ప్రతి వార్తకును వయస్సును ఏర్పఱుపవలెనని 1983లో చూపెను. వయస్సు తీరిన వార్త తానై రాలిపోవును.

ఈ యనుభవములన్నియు ఒడిలో నింపుకొని పుట్టినది ఓస్పీఎఫ్ అను ప్రోటోకాలు. ముఖ్య కర్త జాన్ మోయ్. తొలి పత్రము 1989 అక్టోబరులో వెలువడెను. 1998 ఏప్రిలులో వెలువడిన పత్రమే నేటికిని ఆధారము. అందలి వార్తకు వయస్సు గంట. అరగంటకొకసారి దానిని క్రొత్తగా చాటింపవలెను. ఇరుగుపొరుగు యంత్రములు సాధారణముగా పది సెకనులకొకసారి నమస్కారము చెప్పుకొనును. నలుబది సెకనులు నమస్కారము వినబడనిచో పొరుగువాడు లేడని నిశ్చయము. అయితే ఊరక నమస్కరించిన చాలదు. నమస్కారము వ్యవధి ఇద్దఱికిని ఒకటే కావలెను. పేట సంఖ్య ఒకటే కావలెను. వీథి కొలత ఒకటే కావలెను. రహస్యపదము పెట్టుకొన్నచో అదియు నొకటే కావలెను. ఒక్కటి తేడా వచ్చినను ఎదుటివాని నమస్కారమును విననట్లే యుండును. కోపము చెప్పదు, కారణమును చెప్పదు.

ఒక పరిపాలనకు లోబడిన వలలోపలి మాట యిది. వేర్వేఱు యజమానుల వలల నడుమ మాటకు బీజీపీ అను వేఱు ప్రోటోకాలు గలదు. 1989 జనవరిలో ఆస్టిను నగరమున కర్క్ లోహీడు, యాకోవ్ రెక్టరు అను నిద్దఱు భోజనశాలలో చేతి రుమాలు కాగితములమీద దాని చిత్తు వ్రాసిరి. దానియందు ఐతిహ్యము మరల తలుపు తట్టినది. ఏలయన పరాయి యజమాని తన యింటిలోపలి పటమును మనకు చూపడు, త్రోవలో దాటవలసిన యజమానుల పేళ్లను మాత్రమే చెప్పును. మనము నమ్మవలెను. నమ్మకమునకు తోడు మఱియొక నియమము కలదు. చిరునామా ఎంత సూక్ష్మముగ నున్న అంత బలము. భీమవరమని వ్రాసిన రైలు పార్సిలుకంటె భీమవరము టౌను అని వ్రాసినదానికి దిక్కు స్పష్టము గదా, అట్లు. 2008 ఫిబ్రవరి 24వ తేదీన పాకిస్తానులో యూట్యూబును ఆపవలెనని ప్రభుత్వాజ్ఞ కాగా, పాకిస్తాన్ టెలికాంవారు యూట్యూబు ప్రకటించుకొనిన 1,024 చిరునామాలలో 256 తమవైపు నున్నవని తమ దేశములోపల చాటింపబోయిరి. ఆ చాటింపు పొరుగువాని మీదుగా లోకమెల్ల వ్యాపించెను. సూక్ష్మమైనది గావున అందఱును నమ్మిరి. సుమారు రెండు గంటలు లోకములో చాల చోట్ల యూట్యూబు చూడబోయినవారి యభ్యర్థనలు పాకిస్తానునకు పోయి మాయమైనవి. హార్వర్డు కథయే, పరిమాణము పెద్దది. ఆ మీదట ఏ చిరునామా లెవరివో సంతకముతో నిరూపించు పత్రములు వాడుకలోనికి వచ్చినవి. చాళుక్యరాజులు తామ్రశాసనములలో దానగ్రామమునకు ఎల్లలు వ్రాయించి ముద్ర వేయించినది ఇట్టి తగవులకు వెఱచియే.

మన దేశమున విద్యాసంస్థల కొఱకు ఎర్నెట్టు 1986లోను, సామాన్యుల కొఱకు విదేశ్ సంచార్ నిగమువారి యింటర్నెట్టు 1995 ఆగస్టు 15వ తేదీనను ఆరంభమైనవి. ఆంధ్రప్రదేశమున విద్యుత్ స్తంభములమీదుగ గాజు తంత్రులను లాగి పల్లెలకు చేర్చిన ఫైబరు గ్రిడ్డును 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవిందుగారు ప్రారంభించిరి. తుపానునకు స్తంభము లొరగు మన సముద్రతీరమున రెండవ త్రోవ యుండుట ఎంత యక్కఱయో వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక స్విచ్చికిని రౌటరునకును నడుమ మాట తప్పుటను నేను కన్నులార చూచిన సందర్భము చెప్పెదను. మా పట్టణములో నొక పఠనాలయము గలదు. ఊరుపేరు చెప్పుట కథకు అక్కఱలేదు. పాత భవనమున రౌటరు, క్రొత్త భవనమున క్రొత్తగా కొన్న పెద్ద స్విచ్చి. ఒక్కొక్కదానికి బయటి లోకముతో వేఱువేఱుగా సంబంధము. ఒకటి తెగిన రెండవదాని మీదుగా పోవుటకై రెండిటి నడుమ ఓస్పీఎఫ్ పెట్టిరి. పెట్టిననాటనుండియు క్రొత్త భవనములో కూర్చున్న పిల్లలకు పాత భవనపు పుస్తకముల పట్టిక కూడ తెఱవబడలేదు. అది ఉద్యోగ పరీక్షలకు దరఖాస్తులు పంపు కాలము. రెండు మూడు దినములలో గడువు తీరును. పల్లెలనుండి వచ్చిన బాలికలు దరఖాస్తులు చేతబట్టుకొని మెట్లమీద కూర్చుండిరి. స్విచ్చి యమ్మినవాడు వచ్చి పరీక్షించి, మా పెట్టెలో దోషము లేదనెను. రౌటరు అమ్మినవాడు వచ్చి, మా దానిలో దోషము లేదనెను. ఇద్దఱును నిజమే చెప్పిరి!

సంక్రాంతికి ఇంటికి వచ్చిన నా పూర్వశిష్యు డొకడు, హైదరాబాదున ఈ విద్యలో నున్నవాడు, నా మాట మీద వచ్చి చూచెను. అతడు పెట్టెలను ముట్టుకొనక ముందు పావుగంట ఊరక ప్రశ్నలే వేసెను. ఎప్పటినుండి? ఏది మాఱిన తరువాత? ఏది పని చేయుచున్నది? పిమ్మట క్రిందనుండి పైకి వచ్చెను. తీగ సరిగానున్నది. రెండు వైపులును ఒకే వీథిలో నున్నవి. చిరునామాలును, వీథి కొలతయు సరి. చిన్న పాకెట్టు పంపగా జవాబు వచ్చుచున్నది. అప్పుడు రౌటరును, నీ పొరుగువా డెవడు అని అడిగెను. స్విచ్చి పేరు చెప్పినది. అనగా నమస్కారములు కుదిరినవి. కాని పేరు ప్రక్కన ఎక్స్‌స్టార్టు అను మాట యుండెను. సంభాషణ ఆరంభించితిమి, ఇంకను ఏమియు చెప్పుకొనలేదు అని దాని యర్థము.

"మాస్టారూ, రెండు పెట్టెలును మంచివేనండి. నమస్కారమువఱకు వచ్చి, పుస్తకము విప్పబోవుచోట ఆగిపోవుచున్నవి" అనెను.

"ఏల ఆగవలెను అబ్బాయీ?" అంటిని.

అతడు పెద్ద పాకెట్టు నొకదానిని, నడుమ విఱువరాదను షరతుతో పంపెను. 1,500 పరిమాణముగలది పోయెను. 9,000 గలది పోలేదు. చిక్కు చిక్కినది. క్రొత్త స్విచ్చిలో నెవరో పెద్ద దస్త్రములు త్వరగా పోవునని ఒక్క మాఱుగా పంపదగిన పరిమాణమును 9,000 అని పెట్టిరి. రౌటరున 1,500. ఓస్పీఎఫ్ నియమము ప్రకారము పొరుగువారు త్రోవల పట్టిక విప్పునపుడు, నేనింత పెద్ద ఉత్తరము పంపగలను అని మొదటనే చెప్పుకొందురు. తాను పుచ్చుకొనలేనంత పెద్ద సంఖ్య వినినయెడల వినువాడు ఆ పత్రమును పాఱవేయును, జవాబు చెప్పడు. పంపినవాడు మరల పంపును, వినువాడు మరల పాఱవేయును. నమస్కారములు చిన్నవి గనుక అవి మాత్రము నిర్విఘ్నముగ జరుగుచున్నవి. బయట నిలిచి చూచువానికి ఇద్దఱును మంచి మిత్రులు.

అచ్చటనున్న యొకడు, ఆ పరిమాణపు తేడాను లెక్కచేయవలదని రౌటరునకు చెప్పు నాజ్ఞ యొకటి గలదు గదా, అది వేసిన సరిపోదా అని యడిగెను. అట్టి యాజ్ఞ కలదు. నా శిష్యుడు ఒప్పుకొనలేదు. నేడు పట్టిక చిన్నది గావున తగాదా తీరినట్లు కనబడును. రేపు పట్టిక పెరిగి స్విచ్చి నిజముగనే తొమ్మిదివేల పత్రమును పంపిననాడు రౌటరు దానిని పుచ్చుకొనలేదు, ఆనాడు కారణ మెవరికిని తోచదు అనెను. అతని మాటయే నాకు సమంజసముగ తోచినది. ప్రశ్న వేయువాని నోరు మూసిన సందేహము తీరదని తరగతిలో నేను చూచుచునే యుంటిని.

స్విచ్చిలో రౌటరువైపు తీగకు మాత్రము పరిమాణమును 1,500 చేసెను. ఎక్స్‌స్టార్టు అను మాట పోయి, కొన్ని సెకనులలో ఫుల్ అను మాట వచ్చెను. మెట్లమీది పిల్లలు లోపలికి వచ్చి కూర్చుండిరి. అతడంతటితో లేవక, వారు దరఖాస్తులు నింపుచుండగనే క్రొత్త భవనపు బయటి తీగను లాగివేసెను. నా గుండె ఝల్లుమన్నది. పిల్ల లొక్కరును తల యెత్తి చూడలేదు. పాకెట్లు పాత భవనము మీదుగా పోవుచుండెను. తీగను తిరిగి తగిలించి, పేట సంఖ్య 0, నమస్కారము 10, గడువు 40, పరిమాణము 1,500 అని రెండు కాగితముల మీద వ్రాయించి, రెండు భవనముల బీరువాల తలుపులకును లోపలివైపున నాచేత అంటింపించెను.